పోగు అతికే ఊపిరి

సోమలింగం తాత ఇంట్లో ఉల్లిగడ్డ కోయడు. కొబ్బరికాయ కొట్టడు. టిఫిన్ మూటకు వేసిన ముడి కూడా విప్పడు. ఆయన కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ జరిగే మర్యాదలు సూరత్ ఉధ్నాలో ఏ పెళ్లికొడుక్కీ జరిగి ఉండవు. స్నానం కాగానే వాటికి కొబ్బరినూనె, పనికి కూర్చునే ముందు జల్లెడ పట్టిన బూడిద, చలికాలంలో వాటికి మాత్రమే ఒక పాత మేజోడు.

"నేను లగ్గం చేసుకున్నది మనిషిని కాదు, రెండు వేళ్లను. మిగిలిన మనిషి ఊకెనే వెంట వచ్చిండు" అని సమ్మక్క అవ్వ నలుగురిలోనూ అంటుంది. తాతకు కోపం రాదు. ఆయన లెక్కలో అది పొగడ్త.

ఆ వేళ్లు చేసే పని ఇది. మగ్గం మీద బీము అయిపోతుంది. బీము అంటే నిలువు పోగులన్నీ చుట్టి ఉన్న ఇనుప రోలు. కొత్త బీము తెచ్చి ఎక్కించాక, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా అతకాలి. దగ్గర దగ్గర ఐదు వేల పోగులు. సిరిసిల్ల దిక్కు దీన్ని వైపని అంటారు. తాత మగ్గం వెనక చిన్న పీట వేసుకుని, తగరపు డబ్బాలోంచి చిటికెడు బూడిద తీసి వేళ్లకు అద్దుకుని, రెండు కొసలు పట్టి ఒక్క మెలిక తిప్పుతాడు. పోగు అతికిందో లేదో చూడను కూడా చూడడు. పొద్దున కూర్చుంటే పొద్దు గూకేలోపు బీము తయారు. పెద్ద షెడ్లలో ఈ పనికి మెషీన్లు వచ్చేశాయి. తాత పనిచేసే షెడ్‌కు ఇంకా రాలేదు. తన వేళ్లను చూసి భయపడి మెషీనే రాలేదని తాత నమ్మకం.

పంతొమ్మిదేళ్లప్పుడు సూరత్ రైలు దిగినవాడికి ఈ పని ఎవరూ ఇవ్వలేదు. మొదటి పదిహేనేళ్లు బీములు మోశాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, పొట్ట బిగించి, గొంతు మూసి, బీము ఒక కొసను ఒక్కడే మోకాలి ఎత్తుకు లేపేవాడు. అలా లేపుతున్న ఫొటో ఒకటి ఇంట్లో ఉంది. మెడ మీది నరాలు వేళ్లంత లావున ఉంటాయి. ఆ తర్వాత ఒక ముసలాయన దగ్గర పోగులు అతకడం నేర్చుకున్నాడు. బలం నుంచి నాజూకుకు వచ్చానని ఇప్పటికీ చెప్పుకుంటాడు, ఎవరూ అడగకపోయినా.

ఫిట్స్ ఆయనకు బీములు మోసే రోజుల్లోనే మొదలయ్యాయి. ముందు కుడిచేతి వేళ్లు వాటంతటవే లాగుతాయి, తర్వాత చెయ్యి, తర్వాత మనిషి కిందపడి కొట్టుకుంటాడు. షెడ్‌లో అందరికీ తెలిసిన వైద్యం ఒకటే. ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి ఆయన కుడిచేతిలో మగ్గం బోల్టులు తిప్పే ఇనుప పానా పెట్టి గుప్పిట మూస్తారు. రెండు నిమిషాల్లో ఫిట్స్ ఆగిపోతాయి. పానా పెట్టకపోయినా రెండు నిమిషాల్లోనే ఆగుతాయని ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎన్నడూ ఎవరూ పెట్టకుండా ఉండలేదు.

లేచాక కాసేపు ఆ చెయ్యి పలకదు. భుజం నుంచి తడిబట్టలా వేలాడుతుంది. మొదట్లో ఒక చాయ్ తాగేంతసేపు. "ఇనుము గట్టిగ పట్టిండు గద, చెయ్యి అలిసింది" అనుకునేవారు. తాత కూడా అదే అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఏ డాక్టర్‌కూ ఈ సంగతి చెప్పలేదు. పానా పట్టుకుంటే చెయ్యి నొస్తుందని డాక్టర్‌తో చెప్పుకునే మగవాడు ఎవడు?

అయితే చాయ్ తాగేంతసేపు కాస్తా గంట అయింది. గంట రెండు గంటలైంది. ఈ శ్రావణంలో ఒకనాడు పొద్దున తొమ్మిదింటికి ఫిట్స్ వస్తే, సాయంత్రం ఐదైనా చెయ్యి రాలేదు. మధ్యాహ్నం అవ్వ ఆయనకు ముద్దలు కలిపి తినిపించింది. తాత నోరు తెరుస్తున్నాడు, నములుతున్నాడు, కళ్లు మాత్రం ఒళ్లో పడి ఉన్న చేతి మీదే ఉన్నాయి. ఐదున్నరకు చూపుడువేలు కొస కొంచెం కదిలింది. దాన్ని అవ్వకు చూపించలేదు. ముందు తనే పదిసార్లు కదిపి చూసుకున్నాడు.

"చెయ్యి ఎట్లుందయ్యా?"

"మంచిగనే ఉంది."

"మంచిగుంటే గిలాస ఎడమ చేత్తోని ఎందుకు పట్టినవు?"

తాత గిలాస కింద పెట్టాడు. ఈసారి వచ్చింది, వచ్చేసారి రాకపోతే? ఆ ప్రశ్న ఆ సాయంత్రం ఆయన లోపల కూర్చుంది. మరి లేవలేదు.

మర్నాడు అవ్వ ఆయన్ను, ఫిట్స్‌కు మాత్రలిచ్చే మెదడు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ గుజరాతీ. అవ్వ హిందీ, గుజరాతీ, తెలుగు మూడూ కలిపి గంట కొట్టినట్టు చెప్పేసింది, పానా సంగతితో సహా. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది.

"చెయ్యి పడిపోతుందని ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు కాకా?"

"ఇనుముతోని అనుకున్న మేడమ్."

డాక్టరమ్మ నవ్వలేదు. అది తాతకు నచ్చలేదు. ఆమె నవ్వి ఉంటే ధైర్యంగా ఉండేది. ఆమె నెమ్మదిగా చెప్పింది: మెదడులో ఏ మూల పనిచేస్తే ఆ మూలకు నెత్తురు ఎక్కువ అందాలి. అందుకు అక్కడి సన్న నాళాలు వాటంతటవే వెడల్పవుతాయి, పని అయ్యాక మళ్లీ సన్నబడతాయి. ఫిట్స్‌లో ఒక మూల అదుపు తప్పి పనిచేస్తుంది, నెత్తురు అటు ఉరుకుతుంది. అది ఆగాక కొందరిలో ఆ నాళాలు బిగుసుకుపోతాయి, నెత్తురు సరిగా పారదు. కొన్నిసార్లు గంట, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఆ మూల చేతిని నడిపించేదైతే అంతసేపూ చెయ్యి పలకదు. తాత తలకు ఇంతకుముందు తీసిన స్కాన్ ఫొటోలో ఎడమవైపు పాత మచ్చ ఉంది. కుడిచేతిని నడిపేది ఆ వైపే.

"కానీ రోజంతా పలకలేదంటే ఇంకోటి చూడాలి. ఆ వైపు పెద్ద నాళంలో అడ్డు ఏమైనా ఉందేమో. ఇకమీదట చెయ్యి పడిపోతే ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రావాలి. పానాలు, చెప్పులు ఏమీ చేతిలో పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చాలు."

పరీక్ష వెంటనే చేయించారు. మంచం మీద పడుకోబెట్టి, చెవికి ముందు కణత మీద చల్లటి జిగురు రాసి, పెన్నులాంటిది ఆనించారు. మెషీన్ దగ్గరున్న అమ్మాయి ఏదో తిప్పగానే గది నిండా చప్పుడు. హుష్షు, హుష్షు, హుష్షు.

"ఇది మీ మెదడుకు పోయే నెత్తురు కాకా" అంది ఆ అమ్మాయి.

తాత బిగుసుకుపోయాడు. నలభై ఐదేళ్లు మగ్గాల మధ్య బతికినవాడు. వంద మగ్గాల హోరులో ఏ మగ్గం లయ తప్పిందో గోడవతల నుంచి చెప్పగలడు. తన మగ్గం చప్పుడు తను వినడం ఇదే మొదటిసారి. బాగానే నడుస్తోంది అనుకున్నాడు. కొంచెం నెమ్మది, కానీ దారం తెగని నడక.

"ఇప్పుడు శ్వాస్ రోకో కాకా, ముప్పై సెకన్లు. ఊపిరి ఆపితే నెత్తురు పెరగాలి. ఎంత పెరుగుతుందో చూస్తాం."

తాత ఛాతీ నిండా గాలి పీల్చి ఆపాడు. చప్పుడు సన్నబడింది. హుష్షు కాస్తా హుస్సు అయింది, హుస్సు కాస్తా కరెంటు పోయే ముందు మగ్గంలా ఈడ్చింది. మెషీన్ తెర వైపు ఎవరూ చూడకముందే తాతకు తెలిసిపోయింది. పెరగాల్సింది తగ్గుతోంది. భయంతో ఇంకా బిగపట్టాడు. ఇంకా తగ్గింది.

డాక్టరమ్మ కాగితం చూసి నుదురు ముడిచింది. పది రోజుల తర్వాత ఇంకోసారి చేద్దామని, అప్పుడూ ఇలాగే వస్తే ఇంజెక్షన్ ఇచ్చి మెడ, తల నాళాల ఫొటో తీయాలని చెప్పింది. అంతవరకు మాత్రలు ఒక్కపూట కూడా తప్పొద్దంది.

"ఎట్ల తప్పుతయి మేడమ్? పొద్దుమాపు నా చేత్తోనే ఇస్త" అంది అవ్వ గర్వంగా.

తాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. తాత లేవగానే కుడి బొటనవేలిని చూపుడువేలితో తాకి చూసేవాడు, తర్వాతే కళ్లు తెరిచేవాడు. నడుస్తూ తాకేవాడు, ఆటోలో కూర్చుని తాకేవాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏదో జపం అనుకుని కాళ్లు ముడుచుకునేవారు. చెవులు మూసుకుని లోపలి చప్పుడు వినడానికి ప్రయత్నించేవాడు. అన్నిటికంటే ఘోరం, ఊపిరి ఆపే సాధన మొదలుపెట్టాడు. ముప్పై సెకన్లకే తన నెత్తురు ఓడిపోయింది కనుక అరవై సెకన్లు ఆపగలిగితే గెలుస్తుందని ఆయన లెక్క. గడియారం కింద కుర్చీ వేసుకుని, ఛాతీ ఉబ్బించి, కళ్లు ముందుకు తెచ్చి కూర్చునేవాడు. చుట్టం చూపుగా వచ్చిన ఒకావిడ అది చూసి నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

"ఏందయ్యా, కూసున్న కుర్చీనే లేపుతున్నవా?" అంది అవ్వ.

తాత చెయ్యి అడ్డంగా ఊపాడు. మాట్లాడితే ఊపిరి పోతుంది.

"మెడ మీద నరాలు చూడు. అచ్చం ఆ ఫొటోల ఉన్నట్టే ఉన్నవు. ఇంకో కొస పట్టుకోను మనిషిని పిలువనా?"

యాభై రెండు దగ్గర తాత ఊపిరి వదిలి, "నవ్వు, నవ్వు. పోయేది నీ చెయ్యా?" అన్నాడు. అవ్వ నిజంగానే నవ్వడం ఆపేసింది. లోపలికి వెళ్లి బియ్యంలో లేని రాళ్లు ఏరుతూ కూర్చుంది.

ఏడో రోజు మార్కండేయ వచ్చాడు. తాత దగ్గర పని నేర్చుకున్నవాడు, అదే షెడ్‌లో మగ్గాలు నడుపుతాడు. "మామా, రెండు బీములు కూసున్నయి. సేఠ్ మెషీన్‌వాళ్లను పిలుస్త అంటున్నడు. నువ్వు జర వస్తే మంచిగుండు."

మెషీన్ అనే మాట వినగానే తాత చొక్కా వేసుకున్నాడు. అవ్వ మాత్ర అందించింది. నోట్లో వేసుకుని నీళ్లు తాగి, బూడిద డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లాడు. ఆయన్ను ఒంటరిగా పంపడానికి మనసొప్పక, మధ్యాహ్నం టిఫిన్ పట్టుకుని అవ్వ కూడా షెడ్‌కు వెళ్లింది.

మగ్గాల హోరులో ఆమె వచ్చింది తాతకు వినపడలేదు. ఆమె ఆయన వెనక నిలబడి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పని చూసింది కానీ ఆయన్ను చూడలేదు. ఆ రోజు భయంతో ఆయన వీపునే చూసింది, ఎప్పుడు కొట్టుకుంటుందో అని. అప్పుడు కనబడింది. రెండు కొసలు దగ్గరికి తేగానే తాత వీపు కదలడం మానేస్తుంది. గాలి లోపలికి పీల్చడు, బిగించడు. వస్తున్న ఊపిరి వస్తున్నచోటే నిలిచిపోతుంది. భుజాలు వదులుగానే ఉంటాయి. మెలిక తిరిగాక ఊపిరి మళ్లీ మొదలవుతుంది. ఊపిరి తగిలితే పోగు కొస ఊగుతుంది, ఊగితే వేళ్లకు దొరకదు. వేళ్లు చురుగ్గా ఉన్నప్పుడు ఒకే ఆపులో పది పదిహేను పోగులు అతికేస్తున్నాడు.

అవ్వ భుజం తట్టింది. షెడ్‌లో మాట వినపడదు. పెదాలతోనే చెప్పాలి.

"ఆస్పత్రిల గిట్ల ఆపినవా?"

"ఎట్ల?"

ఆమె ఛాతీ ఉబ్బించి, బుగ్గలు పూరించి, గుడ్లు తేలేసి చూపించింది. తర్వాత వదులుగా నిలబడి పోగు అతికినట్టు చూపించింది. "గిట్లనా? గట్లనా?"

తాత చేతిలోని పోగు వదిలేశాడు. "ఊపిరి ఆపుమంటే బీము లేపినట్టే ఆపుతరు గద" అని పెదాలు కదిపాడు. అంటూనే ఆయన ముఖం మారింది. ఆశ పుట్టింది. ఆశ వెనకాలే ఇంకా పెద్ద భయం. ఇది కూడా తప్పయితే ఇక దాక్కోవడానికి ఏమీ మిగలదు.

పదో రోజు మంచం మీద పడుకున్నాక అవ్వ గదిలోనే నిలబడింది. మెషీన్ అమ్మాయి బయట ఉండమంది. అవ్వకు ఆ ఒక్క మాట గుజరాతీలో అర్థం కాలేదు. మిగతా గుజరాతీ అంతా వచ్చు. అమ్మాయితో చెప్పింది: "బేటీ, మొన్న ఈయన బీము లేపిండు. ఇయ్యాల పోగు అతుకుతడు." ఆ అమ్మాయికి ఏమీ తెలియక డాక్టరమ్మను పిలిచింది. అవ్వ మళ్లీ బుగ్గలు పూరించి చూపించింది. ఈసారి డాక్టరమ్మ నవ్వింది.

"అలా బిగబట్టారా? అలా చేస్తే ఛాతీ ఒత్తిడికి నెత్తురు తగ్గుతుంది కాకా. అది పరీక్ష కాదు. అది ఎవరికైనా తగ్గుతుంది. మాది కూడా తప్పే, చూసుకోవాల్సింది. మామూలుగా పీల్చే ఊపిరిని మధ్యలో వదులుగా ఆపండి."

హుష్షు, హుష్షు. ముందు కుడివైపు. తాత కళ్లు మూసుకున్నాడు. దుప్పటి మీద కుడిచేతి రెండు వేళ్లు దగ్గరికొచ్చాయి. లేని పోగు కొసలు రెండు పట్టుకున్నాయి. ఊపిరి ఉన్నచోట నిలిచింది. పది. పదిహేను. చప్పుడు లావెక్కింది. చెరువు తూము కొంచెం ఎత్తినట్టు, హుష్షు మీద హుష్షు వచ్చి పడింది. ముప్పై అయింది. వదలమన్నా తాత వదల్లేదు. ఇంకో పోగు ఉందనుకున్నాడేమో.

తర్వాత ఎడమవైపు. అసలు భయం అటే. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఊపిరి ఆగింది. చప్పుడు అలాగే ఉంది. పది లెక్క దాటినా అలాగే ఉంది. తాత నుదుటి మీద చెమట పుట్టింది. బిగించాలని పొట్ట కండరాలు లాగుతున్నాయి. బిగిస్తే పోగు తెగుతుంది. వేళ్లను వదులు చేశాడు. పద్దెనిమిది, ఇరవై. అప్పుడు మొదలైంది, నెమ్మదిగా, కుడివైపంత కాదు, కానీ పెరిగింది. గోడవతలి మగ్గాన్ని కూడా గుర్తుపట్టే మనిషికి ఆ పెరుగుదల ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

డాక్టరమ్మ కాగితాలు చూసింది. పెద్ద నాళాల్లో అడ్డు ఉన్నట్టు లేదు, ఇంజెక్షన్ ఫొటో ఇప్పుడే అవసరం లేదు, ఆర్నెల్లకోసారి చూద్దాం అంది. మచ్చ ఉన్న వైపు నాళాలు కొంచెం బద్ధకంగా ఉన్నాయి, ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ అవి ఇంకా ఇబ్బంది పడతాయి.

"అంటే చెయ్యి దక్కాలంటే ఫిట్స్ రాకూడదు. మందు ఒక్కటే. కానీ మందు వేసుకుంటున్నా ఇన్నిసార్లు ఎందుకొస్తున్నాయో నాకు అర్థం కావట్లేదు. డోసు పెంచాలి."

పెంచాలి అన్న మాటకు తాత ఉలిక్కిపడ్డాడు. అవ్వ వైపు చూశాడు. ఆమె ముఖంలో ఇంకా చప్పుడు పెరిగిన సంతోషం ఉంది. దాన్ని ఇప్పుడు తనే చెరపాలి. చెప్పకపోతే డోసు పెరుగుతుంది, వేళ్లు ఇంకా వణుకుతాయి, ఇంకా దాస్తాడు, ఇంకా పడతాడు. ఒకరోజు చెయ్యి రాదు. సంచిలోంచి తగరపు డబ్బా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టి మూత తీశాడు.

బూడిదలో తెల్లగా మాత్రలు. కొన్ని సగం కరిగి, కొన్ని నిండుగా. ఉగాది నుంచి అతికిన ప్రతి బీముకూ ఒకటి.

"అవి మింగితే వేళ్లు వణుకుతయి మేడమ్" అన్నాడు తాత, బల్ల కొసను చూస్తూ. "వణికితే పోగు దొరకదు. బీము ఉన్ననాడు బుగ్గల పెట్టుకుని పోయేటిది."

అవ్వ వంగి డబ్బాలోకి చూసింది. వేలితో బూడిద తిప్పి ఒక్కొక్క మాత్ర పైకి తీసింది. ఏ రోజు మాత్ర ఏదో గుర్తుపడుతున్నట్టు చూసింది. "నా ముందరనే నీళ్లు గూడ తాగినవు గదయ్యా" అంది చివరికి. తాతకు ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ కోప్పడింది, కానీ కొంచెమే. వణుకు ఈ మాత్ర వల్లే వస్తుందని, అందరికీ చెప్పేదే అని, మొదటి నెలలోనే చెప్పి ఉంటే మార్చేదాన్నని అంది. పాతది కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కొత్తది ఎక్కించాలి, రెండు నెలలు పడుతుంది, అంతవరకు వణుకు పూర్తిగా పోదు. తాత తలాడించాడు. ఇన్నాళ్లు కాపాడుకున్న రహస్యం ఒక్క చీటీతో పోయేదని తెలిసి ఆయనకు సిగ్గేసింది. కొంచెం కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

బూడిద డబ్బా ఇప్పుడు అవ్వ దగ్గర ఉంటుంది. బీము ఉన్న రోజు ముందు మాత్ర, తర్వాత నీళ్లు, తర్వాత తాత నోరు తెరిచి నాలుక ఎత్తి రెండు బుగ్గలూ చూపించాలి. అవ్వ టార్చి వేసి చూస్తుంది. అప్పుడే డబ్బా చేతికి వస్తుంది. "పోలీసోళ్లు గూడ ఇంత చూడరు" అని తాత గొణుగుతాడు. "పోలీసోళ్లకు నీ సంగతి తెల్వదు" అని అవ్వ జవాబు.

షెడ్‌లో ఇప్పుడు ఆయన సగం బీము అతుకుతాడు. మిగతా సగం మార్కండేయకు ఇచ్చాడు. ఇచ్చాను అనడు, నేర్పుతున్నాను అంటాడు. మొన్న మొదటి పోగు మూడుసార్లు జారింది. నాలుగోసారి ఊపిరి నిలిపి, వణుకు ఒక వైపుకు వెళ్లేదాకా ఆగి, తిరిగి వచ్చేలోపు మెలిక తిప్పాడు.

మూడు వారాలుగా ఫిట్స్ రాలేదు. అవ్వ టిఫిన్ మూటకు కావాలనే రెండు ముడులు గట్టిగా వేసి పంపుతుంది. వాటిని తాత తన వేళ్లతోనే విప్పాలి, మార్కండేయ చేత విప్పించకూడదు. ఆరు దాటితే ఆమె గుమ్మంలో నిలబడుతుంది. తాత సందు మలుపు తిరిగి, దూరం నుంచే కుడిచేత్తో విప్పిన గుడ్డ ఎత్తి చూపిస్తాడు. అప్పటిదాకా ఆమె కూడా ఊపిరి ఆపుకునే ఉంటుంది, వదులుగా.